పాంటియాక్ అమ్మకానికి పద్నాలుగు షరతులు

ఒహాయో రాష్ట్రం ఫిండ్లేలో నలభై ఏళ్లు విలేకరిగా పనిచేసిన ఎవరెట్ క్రౌస్ అనే నేను, వయసు 79, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. నా తెలివి మీద బావమరిది వెర్నన్‌కు అనుమానాలున్నాయి. డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను.

1. ఇల్లు, బ్యాంకు నిల్వ, పికప్ ట్రక్కు నా భార్య డోరీన్‌కు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

2. వెర్నన్‌కు అతని అయస్కాంతం తిరిగి ఇవ్వాలి. 1988లో నా కారు తలుపుకు రేకే ఉందా, లప్పం పూశారా అని దాన్ని పెట్టి చూశాడు. అతుక్కుంది. అయినా "ఏమో బావా, నాకు నమ్మకం కుదరట్లేదు" అన్నాడు. అప్పుడే జప్తు చేశాను.

3. సదరు కారు 1969 పాంటియాక్ జీటీఓ. కొత్తగా కొన్నాను. ఇంజను, రంగు, సీట్లు ఫ్యాక్టరీవే. అమ్ముతానని ఐదుసార్లు ప్రకటన ఇచ్చాను. పంతొమ్మిది మంది వచ్చారు. ఒకడు తలుపు దబాలున వేశాడు. ఒకడు రంగు మారుస్తానన్నాడు. ఒకడిలో ఏ లోపమూ కనిపించలేదు, అందుకే అనుమానించాను. "నువ్వు కారు అమ్మట్లేదు, దానికి సంబంధాలు చూస్తున్నావు" అంది డోరీన్. నిజమేనని ధ్రువీకరిస్తున్నాను.

4. నా తదనంతరం డోరీన్ కారు అమ్మాలి. కొనేవారికి షరతులు పద్నాలుగు. విడిగా జతపరిచాను.

5. అమ్మేముందు ఆమె దాన్ని ఒక రోజంతా నడపాలి. యాభై ఏళ్లలో ఆమెకు ఒక్కసారీ తాళం ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "రోడ్డు తడిగా ఉంది" అన్నాను. పాత పత్రికల్లో వాతావరణ వార్తలు తిరగేస్తే, ఆ రోజుల్లో చాలావరకు ఎండే.

6. ఇంతవరకు రాసింది మొన్న డోరీన్ చదివింది. "దీనికి నువ్వు చచ్చేదాకా ఆగాలా? తాళం ఇలా తే" అంది. ఇచ్చాను. నిన్న ఉదయం వెళ్లి, సాయంత్రం బోనీ హాట్‌ఫీల్డ్ అనే నర్సును వెంటబెట్టుకొచ్చింది. పెట్రోలు బంకులో పరిచయమట, కారు కొంటానందట. "డ్యూటీకి కూడా ఇందులోనే వెళ్తానండీ, వానొచ్చినా సరే" అంది ఆ నర్సు. నేను షరతుల కాగితం తీశాను. "ఎవరెట్, అది లోపల పెట్టు. రేపు సంతకం పెడుతున్నావు" అంది డోరీన్.

ఈ ఉదయం నోటరీ ముందు కారు కాగితాల మీద సంతకం చేశాను. కనుక 4, 5 అంశాలు రద్దు.

అదే బల్ల దగ్గర ఇది నా రెండో సంతకం. మొదటిదానికి, అంటే కారుదానికి, పెన్ను మూడుసార్లు కింద పెట్టాను. దీనికి ఒక్కసారీ పెట్టలేదు.

ఫిండ్లే, 11 అక్టోబరు 2019
(సంతకం) ఎవరెట్ క్రౌస్

సాక్షులు:
గ్లాడిస్ ఉల్‌రిచ్, నోటరీ
బోనీ హాట్‌ఫీల్డ్, 1969 పాంటియాక్ యజమాని