ఆకు కోసినవాళ్ళు పంపాల్సిన గిన్నె

న్సంబ్యా, కంపాలా
మార్చి పదకొండు

ప్రియమైన చిబలోంజా అక్కకి,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు కసోజి చేతికిచ్చి పంపుతున్నాను. బాంబు మోతకి నీ చెవి దెబ్బతిన్నాక ఫోన్లో నేను అరవడం, నువ్వు ‘ఆఁ? ఆఁ?’ అనడం తప్ప మనం మాట్లాడుకున్నదేముంది. ఈసారి చెప్పాల్సింది అరిచి చెప్పే సంగతి కాదు. నువ్వొక్కదానివే చదువుకో. చదివాక పొయ్యిలో పెట్టెయ్.

మా ‘మన చేను’ సంస్థ గురించి నీకు తెలుసు కదా. ప్రొస్కోవియా మేడమ్ నర్సు ఉద్యోగం మానేసి, తన వాకిట్లో ఐదు గోనెసంచులతో మొదలుపెట్టింది. ఇప్పుడు మన కాంగో నుంచి కొత్తగా వచ్చిన ఇరవై రెండు మంది ఆడవాళ్ళున్నారు. అడుగు తీసేసిన డబ్బాని సంచి మధ్యలో నిలబెట్టి, దాన్నిండా గులకరాళ్ళు నింపి, చుట్టూ మట్టి పోసి, డబ్బాని పైకి లాగి మళ్ళీ రాళ్ళు నింపడం వాళ్ళకి నేర్పేది నేనే. ఆ రాళ్ళ గుండా నీళ్ళు కిందిదాకా దిగుతాయి. సంచి పక్కలకి చిల్లులు పెట్టి తోటకూర నాటితే రెండు నెలలు కూర కొనక్కర్లేదు. నేర్పడంతో పాటు మాటలు మోసే పని కూడా నాదే. వాళ్ళకి స్వాహిలి తప్ప రాదు, ఇక్కడి వాళ్ళు లుగాండా తప్ప మాట్లాడరు. తొమ్మిదేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నందుకు నాకు రెండూ వచ్చు.

సంచులు పెట్టుకోవడానికి జజ్జా నాకిగుడ్డే తన ఇంటి వెనక స్థలం ఇచ్చింది. జజ్జా అంటే ఇక్కడ నాయనమ్మ, పేటంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. అద్దె అడగలేదు. ‘నా కర్రపెండలం జోలికి మాత్రం రాకండి’ అని కూడా అనలేదు. ఎందుకంటే ఆవిడ దృష్టిలో ఎవరైనా దాని జోలికి రావాలంటే పలుగుతో తవ్వాలి. దుంప తప్ప అందులో తినేదేముంది?

పోయినవారం జజ్జా ఊరెళ్ళింది. బుధవారం మేమందరం కలిసి వండుకునే రోజు. ఆ కర్రపెండలం లేత కొసలు గాలికి ఊగుతుంటే నా కంటికి ఇంకేం ఆనలేదక్కా. మన ఊళ్ళో ఆకు ఎవరూ అడగరు, దుంపే అడుగుతారు. దారిన పోతూ ఎవరి చేలోనైనా కోసుకోవచ్చు. అదే నోటికొచ్చింది. “కోయండర్రా, ఆకుకి అడగడమేంటి” అన్నాను. వద్దన్నది మా గుంపులో పెద్దావిడ జెనెరోజమ్మ ఒక్కతే. “ఇల్లుగలావిడ ఊళ్ళో లేదు కదే, వచ్చాక అడుగుదాం” అంది. “నీకు వీళ్ళ సంగతి తెలీదులే, నాకు తెలుసు” అని నోరు మూయించాను. చివరికి ఆవిడే తన రోలు తెచ్చింది, ఆవిడే దంచింది. పామాయిలు, వేరుశెనగ పిండి వేసి మన ఊరి సోంబే కూర ఉడికిస్తుంటే ఇరవై రెండు మందీ చుట్టూ చేరి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మొక్కలు మాత్రం ఒట్టి కర్రలై నిలబడ్డాయి.

జజ్జా మర్నాడే తిరిగొచ్చింది. వెనకవాకిలి తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. జెనెరోజమ్మ రోలు కడుగుతోంది, చేతిలో రోకలి ఉంది. జజ్జా పేట పెద్దని పిలిపించింది. “ఎవరే నా తోట గొరిగింది? ఇది మనుషులు తినే ఆకుటే? ఆకు పోతే దుంప ఊరుతుందా? మా ముసలాయన పోయేముందు తన చేత్తో నాటిన పంట ఇది. ఆయన ఆఖరి కర్మకి వచ్చినవాళ్ళకి ఇదే ఉడకేసి పెడదామని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను” అంది. ఇక్కడ ఆ కర్మ మనిషి పోయిన ఎన్నో నెలలకి చేస్తారు. దాని ముహూర్తం పెట్టుకోవడానికే ఆవిడ ఊరెళ్ళిందట.

పేట పెద్ద జెనెరోజమ్మని అడిగాడు. ఆవిడ నా వైపు చూసి స్వాహిలిలో చెప్పింది. “ఈ పిల్ల కోయమంది, కోశాం. నేను వద్దన్నాను. అయినా దంచింది నేనే, నా తప్పు లేదనను.” ఇంత మాట చెప్తే, అక్కా, నేను లుగాండాలో మోసిందేంటో తెలుసా? “తప్పయిపోయింది, క్షమించమంటోంది.” అంతే. జజ్జా నన్ను కాసేపు చూసింది. “చేయించిన మనిషి నా ముందుకొచ్చి తన నోటితో చెప్పేదాకా నా గడప తొక్కకూడదు” అంది. అదికూడా నేను సగమే మోశాను. “నిన్నింక రావద్దంటోంది” అన్నాను. జెనెరోజమ్మ రోకలి కింద పెట్టి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆవిడ నాలుగు సంచులూ అక్కడే ఉన్నాయి. ఆ కూర మీదే ముగ్గురు మనవలు బతుకుతున్నారు.

ఎందుకు చేశానో కూడా చెప్తాను, దాచను. వచ్చే నెల నుంచి నన్ను పర్యవేక్షకురాలిగా వేస్తానని మేడమ్ మాటిచ్చింది. ఆ జీతం వస్తే నిన్ను శిబిరం నుంచి తీసుకొచ్చి పెద్ద డాక్టరుకి నీ చెవి చూపించాలని నా ఆశ. ఆ క్షణంలో నీ చెవే కనిపించింది. ఇప్పుడు కళ్ళు మూస్తే ఆవిడ కొంగు దులుపుకోవడం కనిపిస్తోంది. ఏం చెయ్యాలో చెప్పు.

నీ చెల్లెలు,
నబింటు


నకివాలే శరణార్థి శిబిరం
మార్చి ఇరవై

నా నబింటుకి,

ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. నీ తప్పు నీ దస్తూరీలో నా దగ్గరుండటం మంచిదే అనిపించింది.

నా చెవి పేరు చెప్పుకుని నోరు మూసుకున్నావా? నా చెవి నిన్ను అడిగిందా? ఒక చెవితో ఐదేళ్ళు బతికాను. కోళ్ళు పెంచాను, పక్కింటిదానితో పోట్లాడాను, పోట్లాటలో గెలిచాను కూడా. ఇంకో ఐదేళ్ళు బతుకుతాను. ఒకావిడ నోట్లో కూడు తీసి నాకు చెవి కొంటావా?

మన ఊళ్ళో ఆకు అడగరంటావు. నిజమే. తర్వాత సంగతి మర్చిపోయావా? నీకు ఏడేళ్ళప్పుడు పిసినారి ముషాగలూసా చేలో ఒడినిండా కోసుకొచ్చావు. అమ్మ ఏమీ అనలేదు. వండింది. మొదటి గిన్నె మనకి పెట్టలేదు, నీ నెత్తిన పెట్టింది. ‘ఆకు ఎవరిదో వాళ్ళింట్లో ఇచ్చిరా, కోసింది నేనేనని చెప్పు’ అంది. నువ్వు దారిపొడుగునా ఏడ్చుకుంటూ వెళ్ళావు. ఆయన అంతా తిని, కారం ఎక్కువైందన్నాడు. అక్కడ ఆకు అడగకపోవడానికి కారణం ఆ గిన్నె. నువ్వు సరిహద్దు దాటేటప్పుడు ఆచారాన్ని కూడా సగమే మోసుకెళ్ళావు, జెనెరోజమ్మ మాటల్లాగే.

గిన్నె పట్టుకెళ్ళు. పారిపోవడం మనిద్దరికీ బాగా వచ్చు, దానికి కారణాలున్నాయి. ఈ ఒక్క చోట నుంచి మాత్రం పారిపోకు. ఉద్యోగం పోతే పోనీ.

ఎప్పటికీ నీ వైపే ఉండే,
చిబలోంజా


న్సంబ్యా
ఏప్రిల్ రెండు

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు జంకాను. ఐదోరోజు ముందు ప్రొస్కోవియా మేడమ్ దగ్గరికెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోకుండా అంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. “నబింటూ, ఇరవై రెండు మందికి నోరు నువ్వే. నువ్వు మోసే మాట తప్ప వాళ్ళ దగ్గర ఇంకేముంది ఇక్కడ?” అంది. పర్యవేక్షకురాలి పని ఇవ్వనంది. సంచులు నేర్పడం చెయ్యమంది, మాటలు మోయడానికి ఇంకొకరిని చూసుకుంటానంది. నేను తల ఊపాను. బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడి బాగా ఏడ్చాను. నీ చెవి కోసం కొంత, నా కోసం ఎక్కువ.

తర్వాత సంతలో మన వాళ్ళ దగ్గర ఆకు కొని, నేనే దంచి, వండి, మూతపెట్టిన గిన్నె నెత్తిన పెట్టుకుని జజ్జా ఇంటికెళ్ళాను. దారిలో నాకు మళ్ళీ ఏడేళ్ళు. జజ్జా వరండాలో చాప మీద కూర్చుని అరటికాయలు చెక్కు తీస్తోంది. ఇక్కడి పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని, గిన్నె ముందుపెట్టి, లుగాండాలో చెప్పాను.

“జజ్జా, ఆకు కోయించింది నేను. జెనెరోజమ్మ వద్దంది. ఆ రోజు ఆవిడ చెప్పింది నేను మీకు చెప్పలేదు. మీరు చెప్పింది ఆవిడకి సరిగ్గా చెప్పలేదు. మా ఊళ్ళో ఆకు కోసినవాళ్ళు ఆ ఇంటికి గిన్నె పంపాలి. అదికూడా పంపలేదు. ఆలస్యంగా తెచ్చాను.”

జజ్జా కత్తి పక్కన పెట్టింది. పెట్టి, స్వాహిలిలో మాట్లాడింది. మన స్వాహిలి కాదు, ముతకది, సిపాయిల స్వాహిలి.

“ఆవిడేం చెప్పిందో నాకప్పుడే తెలుసు పిల్లా. మా ఆయన సిపాయి. పదకొండేళ్ళు బారకాసుల్లో కాపురం చేశాను. ఈ పేటలో ఆ భాష వింటే జనానికి తలుపు తన్నిన బూట్లు గుర్తొస్తాయి. నాకూ అంతే. అందుకే ఆయన పోయాక ఆ భాష నోట పలకనని ఒట్టుపెట్టుకున్నాను. నేనెవరి పేరైనా చెప్పానా ఆ రోజు? చేయించిన మనిషి రావాలన్నాను. నువ్వేమో ఆవిడని వెళ్ళగొట్టావు.”

ఇంతలో వెనక నుంచి నీళ్ళ డబ్బా చప్పుడైంది. జెనెరోజమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను వెళ్ళగొట్టిన మర్నాడే జజ్జా వెతుక్కుంటూ వాళ్ళ గదికి వెళ్ళిందట. అప్పటినుంచి రోజూ మేమెవరం రాకముందే ఈవిడ పక్క సందులోంచి వచ్చి తన సంచులకి నీళ్ళు పోసుకుని, జజ్జాతో టీ తాగి వెళ్తోంది. ఒట్టు తీసి గట్టుమీద పెట్టానని జజ్జా అంటే ఇద్దరూ నవ్వారు.

“మరి నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“పందెం వేసుకున్నాం” అంది జెనెరోజమ్మ నా వంక చూడకుండా. “ఆ పిల్ల రాదు, అది మాట మార్చే రకం అంది ఈవిడ. వస్తుందన్నాను నేను. ఆకు చూసి ఏడ్చిన పిల్ల, వస్తుందన్నాను. ఓడిపోతే ఈవిడ మేకల మేత అనే ఆ ఆకే తినాలన్నాను.”

అక్కా, నేను ఆవిడ కూడు లాగేసిన ఆ రోజుల్లో ఆవిడ నా తరఫున పందెం కాసింది. అది విన్నాక నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్లయింది. కాళ్ళ మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. క్షమించానని అనలేదు. క్షమించలేదని కూడా అనలేదు.

జజ్జా మూత తీసింది, వాసన చూసింది, మొహం చిట్లించింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తర్వాత అరటికాయ ముద్ద తెమ్మంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా మేమిద్దరం అలాగే చూస్తూ కూర్చున్నాం. “ఉప్పు తక్కువ” అంది. ఆ ఖాళీ గిన్నెలోనే జానెడు కర్రపెండలం కాడ ముక్కలు నాలుగు పెట్టి నా చేతికిచ్చింది. “గోడ పక్కన నాటు. ఆకు మీది, దుంప నాది. ముసలాయన కర్మకి ఆ దుంప అందదు, ఆయన తొందరపడే మనిషి కాదులే” అంది.

నువ్వు రావడం ఇంకా ఆలస్యమవుతుంది అక్కా. కానీ వస్తావు, అది మాత్రం నాకు వదిలెయ్.

వచ్చేస్తుంటే జెనెరోజమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఏదో అంటుందని ఆగాను. “రేపు బుధవారం. నా రోలు తెస్తాను, రోకలి నువ్వే పట్టాలి. ఇరవై రెండు మందికీ, జజ్జాకీ” అంది. ఇవాళే ఆ బుధవారం. ఆకు సంతలో కొన్నదే. మొదటి గిన్నె గడప దాటి జజ్జా దగ్గరికి వెళ్ళాకే మేం తిన్నాం. ఈసారి ఉప్పు సరిపోయిందట.

అరచేతులు బొబ్బలెక్కిన నీ చెల్లెలు,
నబింటు