నా బదులు

మార్చి 3
‘బదులు’ యాప్ పెట్టుకోనని మా కళ్లద్దాల షాపు ఓనరుకు ఈరోజు మొహం మీదే చెప్పేశాను. ఫోన్లో మన గొంతుతో, మన బదులు అదే మాట్లాడుతుందట. కస్టమర్లతో, కన్నతల్లితో, కట్టుకున్నవాడితో కూడా. అయితే నీకు కౌంటర్ వద్దు, వెనక గదిలో లెన్సులు అరగదియ్యి అన్నాడు. నీళ్లు చిమ్మే మిషను, సింకు, నేను. హాయిగా ఉంది. అబద్ధం. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 9
మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని అందరి మధ్యా కూర్చున్నాను. ఫోన్లలోంచి ఒక్కళ్లూ తలెత్తలేదు. కౌంటర్‌లో ఉండే సోడాబుడ్డి కళ్లద్దాల పిల్ల మాత్రం జాలిపడింది. నీతో మాట్లాడాలంటే నిజంగా మాట్లాడాలి కదక్కా, టైమెక్కడిది అంది. మర్యాదగానే అంది. అదే ఇంకా మండింది.

మార్చి 14, సాయంత్రం
చెల్లికి ఫోన్ చేశాను. దానికి పెళ్లి కుదిరింది. చిన్నప్పుడు నేను కథ చెబితే అది ఊ కొట్టేది. ఊ ఆగిందంటే నిద్రపోయిందని లెక్క. ఈరోజు ఓనరును తనివితీరా తిట్టాను. ఊఁ, అయ్యో, ఊఁ అంటూనే ఉంది. ఎక్కడో అనుమానం వచ్చింది. నా చెయ్యి మిషన్లో పడి తెగిపోయిందే అన్నాను.
ఊఁ, అంది.

మార్చి 15
దాని దగ్గరికెళ్లి చెడామడా కడిగేశాను. ఏడ్చింది. పెళ్లి పనుల్లో ఊపిరాడటం లేదక్కా, ఆ ‘బదులు’ లేకపోతే నీ ఫోన్ ఎత్తేదాన్నే కాదు అంది. అమ్మ కూడా దానివైపే. నీ ఒక్కదాని కోసం ఇంటిల్లిపాదీ నోరు నొప్పి పుట్టేలా వాగాలా అంది. అమ్మే! నాకు మాటలు నేర్పిన అమ్మ!
నా మీద ఎంత కోపమున్నా సరే, పెళ్లిలో నీ పక్కన నిలబడేది నేనే, తేదీ ఖాయం కాగానే చెప్పు అన్నాను. తల ఊపింది.

మార్చి 30
ఇంటి నుంచి ఒక్క ఫోనూ లేదు. అలిగారేమో. నేనూ అలిగాను.

ఏప్రిల్ 12
సోడాబుడ్డి వెనక గదిలోకొచ్చి, మీ చెల్లి పెళ్లి ఫోటోలు చూశానక్కా, నువ్వు కనపడలేదేం అంది. చేతిలో లెన్సు సింకులో పడి పగిలింది.
అమ్మ దగ్గరికి పరుగెత్తాను. నీకు చెప్పే చేశాం కదే అని అమ్మ వింతగా చూసింది. నా పాత కాల్స్ అన్నీ పెట్టి చెల్లి నాకూ ఒక ‘బదులు’ చేయించిందట, అక్క కూడా అందరిలో ఉండాలని. రోజూ ఎంత ముచ్చటగా మాట్లాడుతోందో! ఈమధ్య నాకు కోపమే రావట్లేదట! పెళ్లి హాలు గేటు ఫోన్లో ‘బదులు’ చూపిస్తేగాని తెరుచుకోదు, అక్కడ గొడవెందుకు, రాకపోతే ఏమీ అనుకోవుగా అని నా ‘బదులు’నే అడిగారట.
ఊఁ, అన్నానట.
అది వింటున్నానని చెప్పే ఊఁ! ఒప్పుకున్నానని కాదు! ఆ మాత్రం తెలీదా మీకు? ఇల్లదిరేలా అరిచాను. అమ్మ చెవులు మూసుకుంది. నీ ‘బదులు’కున్న బుద్ధి నీకుంటే బాగుండేదే అంది.

ఏప్రిల్ 13
చెల్లికి ఫోన్ చేశాను. ఈసారి నిజంగా చెల్లే ఎత్తింది. నేనే, అక్కని అన్నాను.
అక్క లైన్లో ఉందండీ, తర్వాత చెయ్యండి అంది.