పేర్లు రాయని కార్డులు

ఆగస్టు 9, శుక్రవారం

అత్తయ్యకి,

నమస్కారాలు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

నాన్న క్లినిక్ మూసేస్తున్న మాట నిజమే. మా తమ్ముడికి మతిగానీ పోయిందా అని రాశావు. మతి పోలేదు. చూపు పోయిందనుకుంటున్నాడు. కళ్లద్దాలు మారిస్తే వచ్చే చూపు కాదు.

నాన్న పద్ధతి నీకు తెలుసుగా. రోగి కార్డు మీద పేరు రాయడు, మొహం గీస్తాడు. పేరు పెట్టింది అమ్మానాన్నలు, మొహం పెట్టింది దేవుడు, నాకు ఆయన రాతే గుర్తుంటుంది అంటాడు. పొద్దున ప్రార్థన చేసి లేచి, అదే శ్రద్ధతో పెన్సిల్ పట్టేవాడు. నా ముక్కు ఇంత లావుగా గీశారేమిటని పాలవాడు పేచీ పెడితే, మొదట గీసినవాణ్ణి అడగవయ్యా, నేను కాపీ కొట్టానంతే అన్నాడు. వరండాలో జ్వరాలవాళ్లు కూడా నవ్వారు.

చదువైపోయి, ఏ ఉద్యోగమూ నచ్చక, ఆ కార్డులు తీసిచ్చే పనిలో కూర్చున్నాను. కూర్చున్నాననేది మాటవరసకే. నువ్వు నన్ను ఊరికే సుడిగాలి అన్నావా?

బట్టలు కుట్టే కవలలు గుర్తున్నారా? అక్కకి ఒక ఇంజెక్షన్ పడదు. ఆమె కార్డు మీద నాన్న ఎర్రసిరాతో రాసిపెట్టాడు. పోయిన నెల ఆమెని ఒళ్లు తెలియని జ్వరంతో తీసుకొచ్చారు. నేను చెల్లెలి కార్డు తీసిచ్చాను. దాని మీద ఎర్రసిరా లేదు. నాన్న సూది వేశాడు. పావుగంట. అంతే.

నన్ను ఒక్క మాట అనలేదు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. రెండూ ఒకటే మొహం. పిల్ల తప్పేముంది, తేడా నేను గీయలేదు అన్నాడు. పోయినామెకి ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉంది. పదకొండేళ్లుగా వస్తున్న మనిషి, ఆ మచ్చ నాకెందుకు కనబడలేదని అడుగుతుంటాడు. నన్ను కాదు, గోడని.

మొన్న చెల్లెలు వచ్చింది. తిట్టలేదు. మా అక్కకి ఫొటోలంటే సిగ్గు, ఒక్కటీ లేదు, ఆ బొమ్మ ఇప్పించండి డాక్టరుగారూ అంది. నాన్న రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసి, ఇది నేనేనండీ, మా అక్క కాదు అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ప్రార్థన లేదు. రాత్రిళ్లు తను వాయించుకునే వయొలిన్ పెట్టె మీద మందుల డబ్బాలు పేర్చాడు. ఎదురుగా ఉన్న మొహాన్నే చూడలేనివాణ్ణి, కనబడని దేవుణ్ణి ఇన్నేళ్లూ ఏం చూశానమ్మా అన్నాడు. రోగులు వరండాలో కూర్చుని కూర్చుని లేచిపోతున్నారు. అన్నం ముందు పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు.

నువ్వు చెబితే వింటాడేమో. రా అత్తయ్యా.

నీ
సుడిగాలి

తా.క. నాన్న ఆ మచ్చ గీశాడు. వాళ్లు ఆమెని మోసుకెళ్తుంటే, నేను లోపలికెళ్లి అక్క కార్డు తీసి చూశాను. ఎడమ కంటి కింద చుక్క, పెన్సిల్ మొన నొక్కి మరీ పెట్టాడు. కార్డు తీసిచ్చేటప్పుడు నేను బొమ్మ చూడనేలేదు, కిటికీలోంచి పోయే బస్సులు చూస్తున్నాను. ఆ చుక్కని రబ్బరుతో తుడిచేశాను. వేలితో తడిమితే గుంట ఇంకా తగులుతుంది. నాన్న తడమడు, చూస్తాడంతే.

ఈ కవరు అంటించకుండా, పోస్టులో వెయ్యమని నాన్న చేతికే ఇస్తాను. ఇంకొకరి ఉత్తరం చచ్చినా చదవడు. అది తెలిసే ఇస్తున్నాను.