పప్పులో కోడి రుచి

నవంబర్ 27

రొట్టె ఎలా నమలాలో ఈ వయసులో నా కూతురి దగ్గర నేర్చుకోవాలట. యుస్తీనా ఫోన్‌లో ఏదో కోర్సు చేస్తోంది. మైండ్‌ఫుల్ ఈటింగ్. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు దాన్ని చూడాలి, వాసన చూడాలి, మెల్లగా నమలాలి, అందులో ఏమేం వేశారో నాలుకతో కనిపెట్టాలి అంది. నువ్వు తినట్లేదమ్మా, మింగేస్తున్నావ్, అంది. పొద్దు వాలేదాకా మంచినీళ్లయినా ముట్టని మనిషి మింగక ఏం చేస్తుందే అన్నాను. మూతి ముడుచుకుంది.

క్రిస్మస్ ఉపవాసం మొదలై రెండు రోజులైంది. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు, నెయ్యి లేదు. మా చర్చిలో అందరూ చేసేదే. చేప తినొచ్చు, నేను అదీ మానేశాను. పోయినేడు మా ఆయన వహీబ్ జబ్బుతో మంచం మీద ఉండి ఉపవాసం చెయ్యలేకపోయాడు. నేనే గుడ్డు తినిపించేదాన్ని. గోడవైపు చూస్తూ తినేవాడు. వచ్చే ఏడు రెండేళ్లదీ కలిపి చేస్తానన్నాడు. అక్టోబర్‌లో పోయాడు. అతని వంతు నేను చేస్తున్నాను. ఒక్క మచ్చ లేకుండా చేస్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే యుస్తీనా ఏడుస్తుంది, అది ఏడిస్తే నాకు కోపం వస్తుంది.

సాయంత్రం ఎదురు ఫ్లాట్ రావియా గిన్నె తెచ్చింది. వహీబ్ పోయిన రోజు నుంచీ నేను పొయ్యి ముట్టలేదు. ఆమే వండి తెస్తోంది. వాళ్లది ముస్లిం ఇల్లు. తన వంటింటి నెయ్యి తగలకుండా మా ఉపవాసాల కోసం వేరే గిన్నె పెట్టుకుంది, నేను ఈ ఇంటికి కాపురానికొచ్చినప్పటి నుంచీ. మా ఉపవాసాల తేదీలు నా కూతురి కంటే ఆమెకే బాగా తెలుసు. నూనెతోనే చేశానే తల్లీ, మీ దేవుడితో చెప్పు, లేకపోతే నా మీద కేసు పెడతాడు, అని గుమ్మంలోంచే అరిచి వెళ్లిపోయింది.

డిసెంబర్ 3

వహీబ్ కుర్చీలో యుస్తీనా ల్యాప్‌టాప్ పెట్టింది. తీసి నేల మీద పెట్టాను.

డిసెంబర్ 9

స్కూల్లో బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే కళ్లు తిరిగాయి. చాక్‌పీస్ జారిపోయింది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత భయపడ్డారు. హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి ఫోన్ చేసింది. చెయ్యొద్దంటే విన్నదా? యుస్తీనా నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. ఒంట్లో రక్తం లేదన్నాడు. ఉంది, మరుగుతోంది అన్నాను.

సాయంత్రం చెప్పాపెట్టకుండా అబూనా బిసెంతిని వెంటబెట్టుకొచ్చింది. మా చర్చి ఫాదర్. నా కోసం పాలు లేని టీ తాగుతూ కూర్చున్నారు. జబ్బు మనిషికి ఉపవాసం లేదు తల్లీ, నేను అనుమతి ఇస్తున్నా, రోజుకో గుడ్డు తిను, అన్నారు. నేను జబ్బు మనిషిని కాదు అబూనా, కోపం మనిషిని, అన్నాను. నవ్వారు. నేను నవ్వులాటకి అనలేదు. వెళ్తూ వెళ్తూ ఆయనా యుస్తీనా గుమ్మం దగ్గర గుసగుసలాడుకున్నారు. నా ఇంట్లో నా గురించి నాకు వినబడకుండా మాట్లాడతారా!

డిసెంబర్ 14

గుడ్డు తినకపోతే పోనీ, మెల్లగా నమిలైనా తిను, లేదంటే నేనూ తినను, అని యుస్తీనా బ్లాక్‌మెయిల్. సరే, నములుతున్నాను. రేషన్ క్యూలో నిలబడ్డట్టు ఒక్కొక్క మెతుకు దగ్గరా ఆగుతున్నాను. ఈ లెక్కన భోజనం అయ్యేసరికి ఈస్టర్ వస్తుంది.

ఒకటి మాత్రం తెలిసింది. రావియా పప్పులో జీలకర్రతో పాటు ధనియాలు కూడా వేస్తుంది. వెల్లుల్లి కొంచెం మాడుస్తుంది, కావాలనే. ఇన్నేళ్లుగా తింటున్నాను, ఎప్పుడూ గమనించలేదు. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికే ఒళ్లు మండుతోంది.

డిసెంబర్ 18

పప్పులో కోడి.

మొదటి చెంచాకి తెలియలేదు. మూడో చెంచాకి నాలుక ఆగిపోయింది. వాసన చూశాను. మళ్లీ నోట్లో పెట్టుకున్నాను. కోడి ఎముకలు మరిగిన నీళ్లు. నేను పొరబడను. వహీబ్‌కి ఏడాది పాటు ఆ నీళ్లు కాచి పోసిన చెయ్యి ఇది.

యుస్తీనాని రుచి చూడమన్నాను. నాకేం తెలియట్లేదమ్మా, నీ భ్రమ, అని గబగబా లేచి గిన్నెలు కడగడానికి పోయింది. మొత్తం సింకులో పారబోశాను. రొట్టె కూడా తినలేదు.

ఎన్నాళ్ల నుంచి పోస్తోంది? మొదటి రోజు నుంచా? మెల్లగా నమలకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. అంటే వహీబ్ వంతు, నా వంతు, మొత్తం మట్టిలో కలిసింది. అతనికి ఏం చెప్పాలి నేను?

డిసెంబర్ 19, పొద్దున ఆరు

ఇప్పుడే వెళ్లొచ్చాను. 

రావియా నిద్రకళ్లతో తలుపు తీసింది. మెట్ల దగ్గరే గిన్నె ఆమె చేతిలో పెట్టాను. ఖాళీగా. మా రెండు ఇళ్ల మధ్య గిన్నె ఏనాడూ ఖాళీగా వెళ్లలేదు. ఏమీ లేకపోతే రెండు నిమ్మకాయలైనా వేస్తాం. నీళ్ల మోటారు దగ్గర పోట్లాడుకుని మాటలు మానేసిన నెలలో కూడా నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి పంపింది. ఆమె గిన్నెలోకి చూసి, తర్వాత నా ముఖంలోకి చూసింది.

కోడి నీళ్లు పోశావా అన్నాను. ఎవరు, నేనా? మతి పోయిందా ఇన్సాఫ్, నీ గిన్నెలో నేనెందుకు పోస్తానే, అంది. నటించకు అన్నాను. మా ఉపవాసం నీకు ఆటయిందా అన్నాను. పై అంతస్తులో తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా ఆగలేదు. మీవాళ్లంతా ఇంతే, అన్నాను.

రావియా తలుపు మెల్లగా వేసుకుంది. ధడాలున వేసి ఉంటే నాకు హాయిగా ఉండేది.

డిసెంబర్ 22

గిన్నె రాలేదు. రాకపోతేనే మంచిది.

డిసెంబర్ 25

టీవీలో పడమటి దేశాలవాళ్ల క్రిస్మస్. మాది జనవరి ఏడు. దేవుడి పుట్టినరోజుకి కూడా ఒక తేదీ మీద కుదరని మనుషులం, ఒక గిన్నె మీద ఏం కుదురుతాం?

రెండు నెలల తర్వాత పొయ్యి వెలిగించాను. బీన్స్ ఉడికించాను. ఉప్పు ఎక్కువైంది. స్కూల్ నుంచి వస్తూ మెట్ల మీద కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. ఎవరూ చూడలేదు.

డిసెంబర్ 26

దేవుడా.

ఇవాళ పప్పు వండింది నేను. కడిగింది నేను, నూనె వేసింది నేను. స్నానం చేసి వచ్చేసరికి యుస్తీనా వేడి చేసి బల్ల మీద పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను. కోడి.

రావియా గిన్నె మా ఇంటి గడప తొక్కి వారమైంది. మరి ఈ కోడి ఎక్కడి నుంచి ఎగిరొచ్చింది?

యుస్తీనా వైపు చూశాను. తల దించుకుంది. కాలేజీ బ్యాగు తెమ్మన్నాను. తేలేదు. నేనే వెళ్లి తెరిచాను. పుస్తకాల మధ్య ఫ్లాస్కు, లోపల ఇంకా వెచ్చగా కోడి నీళ్లు. స్నేహితురాలి ఇంట్లో కాయించి తెస్తోందట. అబూనా వచ్చి వెళ్లిన మర్నాటి నుంచీ అరగ్లాసు చొప్పున కలుపుతోందట. పద్దెనిమిదిన నా ముఖం మరీ పాలిపోయి ఉందని గ్లాసు నిండా పోసిందట. అప్పుడే దొరికిపోయింది. నాలుకతో కనిపెట్టమని నాకు నేర్పిందీ అదే!

రావియా మీద అరిచినప్పుడు నువ్వు లోపలే ఉన్నావు కదే అన్నాను. ఉన్నానంది. విన్నావు కదే అన్నాను. విన్నానంది. వారం రోజులు నోరు ఎందుకు విప్పలేదు అన్నాను. భయమేసింది, ఆపేశాను కూడా, కానీ నిన్న మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడ్డావు, పైనుంచి చూశాను, అంది. తర్వాత అది కూడా అరిచింది. నాన్న పోయి మూడు నెలలు కాలేదు, నువ్వూ పోతావా? డాక్టర్ మాట వినవు, ఫాదర్ మాట వినవు, నన్నేం చెయ్యమంటావ్? దొంగతనంగానైనా బతికించుకుంటా, నీకిష్టమైతే కొట్టు, అంది.

చెయ్యెత్తాను. కొట్టలేదు. ఫ్లాస్కు మాత్రం గోడకేసి కొట్టాను. నేలంతా గాజు ముక్కలు, కోడి నీళ్లు. ఇద్దరం కూర్చుని తుడుచుకున్నాం. అది ఏడుస్తూ తుడిచింది, నేను తిడుతూ తుడిచాను.

డిసెంబర్ 27

చర్చికి వెళ్లాను. వహీబ్ సంగతి మొదటిసారి ఒకరికి చెప్పాను, రావియాని అన్న మాట కూడా చెప్పాను. అతని వంతు పోయిందా అబూనా అని అడిగాను.  నీకు తెలియకుండా కడుపులోకి పోయిందానికి దేవుడు లెక్క అడగడు, అన్నారు. నీ ఉపవాసం పప్పులో పోలేదు తల్లీ, మెట్ల దగ్గర పోయింది, అన్నారు.

బాగానే చెప్పారు. ఆదివారం ప్రసంగంలో వాడుకోవచ్చు. బస్సులో వస్తూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు.

డిసెంబర్ 30

యుస్తీనా రావియా దగ్గరికి వెళ్లి అంతా చెప్పేసింది. రావియా దాని నుదురు ముద్దుపెట్టుకుందట. పిచ్చిపిల్లా, నువ్వు చేసిందాంట్లో తప్పేముందే, నేనైతే కోడి మొత్తాన్నీ అందులో పడేసేదాన్ని, అందట. అమ్మ తింటోందా అని అడిగిందట. నాకేమైనా చెప్పమందా అంటే, లేదంది.

నేను వెళ్లి తలుపు కొట్టాను. లోపల టీవీ మోగుతోంది. కొట్టగానే ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అనేది మా అమ్మ. చిన్నప్పుడు ఆ మాట వింటేనే విసుగు వచ్చేది. ఇప్పుడూ వస్తోంది.

రోజుకో గుడ్డు తింటున్నాను. నమిలి తింటున్నాను. వహీబ్ లాగే గోడవైపు చూస్తూ.

జనవరి 6

ఇవాళ రాత్రి చర్చి. నల్ల బట్టలే. చావు జరిగిన ఇంట్లో మొదటి పండక్కి కహ్క్ బిస్కెట్లు చెయ్యకూడదు. బిల్డింగ్ అంతా నెయ్యి, చక్కెర వాసన. మా వంటింట్లో మాత్రం ఏమీ లేదు. ఇలాంటి ఇళ్లకి ఇరుగుపొరుగే ఏదో ఒకటి తెచ్చిపెడతారు. అమ్మా, తలుపువైపు చూడకు, వచ్చేవాళ్లు వస్తారు, అంది యుస్తీనా. నేను తలుపువైపు చూడటం లేదు.

జనవరి 7

ఉదయం నుంచీ చుట్టాలు. మొదటి పండక్కి పలకరింపు. చక్కెర లేని కాఫీ, నాలుగు మాటలు, దేవుడు ఓర్పు ఇవ్వాలి అనడం, లేవడం. వహీబ్ అక్కలు మాంసం తెచ్చారు. అందరూ నన్ను తినమన్నారు. ఎవరూ నాతో తినలేదు.

పదకొండింటికి రావియా వచ్చింది. నల్ల శాలువా కప్పుకుని. గదిలో మాటలు ఆగిపోయాయి, మెట్ల దగ్గర నేనన్నది అందరికీ తెలుసు మరి. తిన్నగా వెళ్లి వహీబ్ ఫోటో ముందు నిలబడింది. తర్వాత కూర్చుని చేదు కాఫీ చివరిదాకా తాగింది. వహీబ్ అన్నయ్య కోసం వచ్చాను, అని అతని అక్కలతో అంది. నావైపు చూడలేదు. లేచింది.

వెనకాలే వెళ్లాను. మెట్ల దగ్గర పట్టుకున్నాను. మళ్లీ పై తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకోనీ, మొదటిసారీ విన్నారు కదా. తప్పు నాది రావియా, క్షమించు, అని వాళ్లకీ వినబడేట్టు అన్నాను. నా గొంతు కీచుగా వచ్చింది.

అప్పుడు మాట్లాడింది. కోడి నీళ్లు పోశానన్నావు, సరే, ఆకలి మనిషివి, పొరబడ్డావనుకున్నా, అంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు, అదీ సరే. కానీ మీవాళ్లు అన్నావే? నీ గుమ్మంలో ముప్పై ఏళ్లుగా నిలబడింది నేనొక్కదాన్ని. నా పక్కన ఇంకెవరు కనబడ్డారే నీకు? అంది.

 

ఇక నీకు గిన్నె పంపను, అంది. తినాలనుంటే నా వంటింట్లోకొచ్చి కూర్చో. నేనేం వేస్తున్నానో కళ్లారా చూసి తిను. రాకపోతే మానెయ్. అని తలుపు వేసుకుంది. ఈసారి ధడాలున వేసింది.

జనవరి 8

వెళ్లాను. రావియా మాట్లాడలేదు. స్టూలు కాలితో నావైపు తోసింది. ఉపవాసం అయిపోయింది, పండగ అయిపోయింది, అయినా నూనెతోనే వండింది. నూనె సీసా నా ముఖం ముందు పెట్టి చూపించి మరీ పోసింది. పప్పు, ఉప్పు, జీలకర్ర, అన్నీ ఒక్కొక్కటే చూపించింది. కోపంతో నా చెవులు కాలిపోయాయి. ఆమె చెవులు కూడా ఎర్రగానే ఉన్నాయి. ఒకే పళ్లెంలో ఇద్దరం తిన్నాం. ఆమె మెల్లగా నమిలింది. నేనూ.

జనవరి 9

ఇవాళ కూడా మాట్లాడలేదు. అడక్కుండానే రెండోసారి వడ్డించింది.