లెక్కకు రాని నొప్పి పట్టీ

ప్రియమైన ఇచ్చాయాకు,

మీ భార్య రోసిలీ రాసుకునేది. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మగారి మోకాలు ఒక్కటే కులాసాగా లేదు. అదీ ఆదివారం చర్చికి నడిచేటప్పుడే. పక్కింట్లో కబుర్లకు వెళ్ళేటప్పుడు ఆ మోకాలికి ఏ బాధా ఉండదు. మీరూ, మీ గదిలో వాళ్ళూ క్షేమంగా ఉన్నారనీ, ఎండలో తలకు గుడ్డ కట్టుకుంటున్నారనీ అనుకుంటున్నాను. కట్టుకోకపోతే ఇవాళే మొదలుపెట్టండి.

ఫోనులో చెప్పొచ్చుగా, ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని విసుక్కోకండి. ఫోను మోగితే చాలు, మీ అమ్మగారు వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి వింటారు. పైగా మీ గొంతు వింటే నేను చెప్పదలచుకున్నది గొంతు దాటదు. తిన్నావా అని మీరు, తిన్నాను అని నేను, అంతలో కార్డు అయిపోతుంది.

వంటింటి పైకప్పు సంగతి అడిగారు. పెంకులు మార్పించాను. ఇప్పుడు కారడం లేదు. మిరియాల తీగ పనసచెట్టు పట్టుకుని సగం దాకా పాకింది, ఈసారి నిచ్చెన వేయించాలి. మన అన్నకుట్టికి ముందు పన్ను ఊడింది. మీకు పంపితే కొత్తది కొని తెస్తారని దాని నమ్మకం. కాగితంలో చుట్టి ఇచ్చింది, ఈ కవరులోనే పెడుతున్నాను. నవ్వి పారేయకండి, మళ్ళీ ఎప్పుడైనా అడుగుతుంది.

వానలు మొదలయ్యాయి. మీరుంటే కప్పల గోల అని కిటికీ మూసేవారు, ఉక్కపోస్తోందని నేను తెరిచేదాన్ని, అక్కడ మొదలై పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు కిటికీ పూర్తిగా నా ఇష్టం. ఏమీ బాగాలేదు, ఇచ్చాయా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మనం కలిసి ఉన్నది మీ సెలవులంత. అందులోనూ సగం చుట్టాలకే పోయింది.

మనకోసం రెండు గదుల ఇల్లు చూశానని రాశారు. వంటగది కిటికీకి ఏ రంగు తెర కొనమంటావని అడిగారు. ఆ మాట చదివి స్నానాల గదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పుకుని ఏడ్చాను. తెర ఇప్పుడే కొనకండి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మా ఆసుపత్రి మేట్రన్ ఇంకా అలాగే ఉందా అనీ అడిగారు. అలాగే ఉంది. సారామ్మ మేడం మారితే ఆసుపత్రి గోడలు కూలిపోతాయని మాలో అందరికీ భయం. కువైట్‌లో మీరున్న చోటే ప్రభుత్వాసుపత్రిలో నాకు ఉద్యోగం ఖాయమైందని తెలిసినప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. "ఒక కాలు వార్డులో, ఒక కాలు విమానంలో. ఏ కాలికి జీతం ఇవ్వాలమ్మా నీకు?" అని అందరి ముందూ అడుగుతుంది. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ ఉద్యోగానికి ఇంకా కావలసింది ఆవిడ సంతకం పెట్టిన అనుభవం సర్టిఫికెట్టు ఒక్కటే. నెలాఖరులోగా అది వాళ్ళకు చేరాలి.

ఇక పోయిన వారం జరిగింది చెప్తాను. నేను జీపులో ఇళ్ళకు తిరిగి చూసేది కాన్సర్ ముదిరిపోయిన వాళ్ళని. నొప్పి తెలియకుండా వాళ్ళ ఒంటికి మందు పట్టీలు అంటిస్తాం. ఊరికే గాయానికి వేసే పట్టీ కాదు, మత్తుమందు అది. తీసేసిన పాత పట్టీలోనూ ఇంకా మందు మిగిలి ఉంటుంది. అందుకని పాతది ఒలిచి, మడిచి, డబ్బాలో వేసి తెచ్చి మేట్రన్ ఎదుట లెక్క అప్పగించాలి. మనిషి పోతే ఒంటి మీదున్నదీ తీసి తేవాలి. ఒక్కటి తగ్గినా దొంగతనం కిందే లెక్క.

కొండ మీద రబ్బరు తోట వెనక ఉండే ఏలీ చేడత్తి గురించి మీకు రాసేదాన్ని గదా, నేను వెళ్ళేసరికి ఆకలితో వస్తానని కర్రపెండలం ఉడికించి, మిరపకాయ నూరించి పెట్టే ముసలావిడ. పోయిన మంగళవారం నేను పక్కన ఉండగానే పోయింది. ఆ సాయంత్రం నా లెక్కలో ఒక పట్టీ తగ్గింది.

"ఏలీ పట్టీ ఏది?" అంది మేడం.

"లేదు మేడం."

"లేదంటే? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"కనిపించడం లేదు."

"కువైట్ వెళ్ళేదానివి, దారి ఖర్చులకు పనికొస్తుందని దాచుకున్నావా?"

అని ఊరుకోలేదు. నా సంచీ తీసుకుని అందరి ముందూ బల్ల మీద బోర్లించింది. టిఫిను డబ్బా, జపమాల, దువ్వెన, మీ ఉత్తరం. టిఫిను డబ్బా మూత తీసి చూసింది. మీ ఉత్తరం కవరు తలకిందులు చేసి దులిపింది. ఆ ఒక్కటీ నేను తట్టుకోలేకపోయాను. కళ్ళు నిండిపోయాయి. అది చూసి కూడా ఆవిడ తగ్గలేదు. "ఎల్లుండి దాకా చూస్తాను. దొరికిందా, ఎవరికీ తెలియదు. దొరకలేదా, ఆసుపత్రి డైరెక్టర్ ఫాదర్ దగ్గరికి కాగితం పోతుంది. విచారణ తేలేదాకా నీ సర్టిఫికెట్టు నా సొరుగు దాటదు" అంది.

మరి ఆ పట్టీ ఏమైందని మీరు అడుగుతారు. అడగకముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మనవాళ్ళలో మీకే మొదట. అది పోలేదు ఇచ్చాయా. ఎక్కడుందో నాకు మొదటి నుంచీ తెలుసు. మేట్రన్‌తో కనిపించడం లేదని అబద్ధం చెప్పాను.

పోవడానికి కొన్నాళ్ళ ముందు, పట్టీ మారుస్తుంటే ఏలీ చేడత్తి నా చెయ్యి పట్టుకుంది. "పిల్లా, నేను పోయాక ఇది పీకేస్తారటగా?" అని అడిగింది.

"అవును చేడత్తీ, లెక్క చెప్పుకోవాలి."

"పోయాక నొప్పి ఉండదని నీకెవరు చెప్పారు? పోయినవాళ్ళెవరన్నా వచ్చి చెప్పారా?"

"మన చర్చి ఫాదర్ చెప్తారుగా."

"పన్ను సలిపితే పూజ మానేసి పడుకున్న మనిషి ఆయన. నొప్పి సంగతి ఆయనకేం తెలుసు?" అని కసురుకుంది. తరవాత చాలా మెల్లగా, "మట్టిలోకి దిగేదాకా ఉంచవే. అక్కడిదాకా చాలు. దిగాక దేవుడు చూసుకుంటాడు" అంది.

నేను నవ్వుతూ సరేనన్నాను. ఆవిడ నవ్వలేదు. నేను సరే అన్నాక కళ్ళు మూసుకుని నిద్రపోయింది. ఆ నొప్పితో అంత తేలిగ్గా నిద్రపోవడం నేను అంతకుముందు చూడలేదు.

పోయిన రోజు ఆవిడకు స్నానం చేయించింది నేనూ, ఆవిడ కూతురు మోనిక్కా. ఎడమ భుజం కిందుగా, ఛాతీ మీద పట్టీ ఉంది. మోనిక్క దాని మీద వేలు పెట్టి, "ఇది తీసేయాలా?" అంది. ఉండనీ అన్నాను. దాని మీదే రవికె తొడిగి, పెళ్ళినాటి చీర కట్టాం. కొడుకు మస్కట్ నుంచి రావాలని రెండు రోజులు మంచుపెట్టెలో ఉంచారు. ఆ రెండు రోజులూ నేను నోరు విప్పకూడదు. విప్పానా, మేట్రన్ స్వయంగా జీపెక్కి వెళ్ళి తీసుకొచ్చేది.

ఇదంతా చదివి నా భార్య ఎంత గట్టిదో అనుకోకండి. సంచీ దులిపించుకున్న రాత్రంతా నాకు మీ రెండు గదుల ఇల్లే కళ్ళ ముందు ఉంది. సమాధి చేసే రోజు సంచీలో చేతి తొడుగులు పెట్టుకునే వెళ్ళాను. అబద్ధమెందుకు, తీసేద్దామనే వెళ్ళాను. పెట్టె మూసేముందు శవానికి చివరి ముద్దు పెట్టేటప్పుడు ఎవరూ ఎవరినీ చూడరు, అందరూ ఏడుస్తూ ఉంటారు. మోనిక్క నన్ను ముందుకు తోసి, "రోసిలీ, నువ్వూ పెట్టు. అమ్మ నిన్నే ఎక్కువ కలవరించేది" అంది.

వంగాను. తొడుగులు సంచీలోనే ఉండిపోయాయి. రవికె అంచు కింద వేలు పెడితే పట్టీ కొస తగిలింది. గోటితో లాగితే వచ్చేస్తుంది. అప్పుడు మీరు నాకు ఎంత దగ్గరగా వచ్చారో మీకు తెలియదు. మన పెళ్ళిలో కూడా అంత దగ్గరగా లేరు. శవానికి నొప్పి ఉండదని నాకు తెలుసు, ఇన్నేళ్ళ నర్సుని. తెలిసినా చెయ్యి ఆడలేదు. నిజంగానే నొప్పి పుడితే అనుకున్నాను. ముద్దు పెట్టి, చెయ్యి తీసేసి, పక్కకు జరిగాను.

మట్టి వేయడం అయ్యాక తిన్నగా మేడం గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే తీయించేవారు మేడం."

"తీయించేదాన్నే," అంది. రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "దయ నీది, సంతకం నాది. రాయక తప్పదు. దొంగతనం అని మాత్రం రాయను." నేను తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "నేను మంచాన పడ్డప్పుడు నువ్వు మాత్రం డ్యూటీకి రాకు. నాకూ ఇలాంటి బుద్ధి పుట్టి ఏదైనా అడుగుతానేమో."

విచారణ మొదలైంది. డైరెక్టర్ ఫాదర్ మంచివారే కానీ నిదానం. నెలాఖరుకు తేలదు, ఆ సంగతి కువైట్ ఆసుపత్రికి తెలియజేశాను. వాళ్ళు నిన్న కబురు పంపారు, నా చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చారట. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో తెలియదు.

కాబట్టి నేను రావడం లేదు. ఈ ముక్క రాయడానికి నాలుగు పేజీలు తిరిగొచ్చాను. ఆ ఇల్లు వదిలేయండి. ఆవిడ మీద వంగినప్పుడు నేను ఎంచుకున్నది మిమ్మల్ని కాదని మీకు అనిపిస్తే, నిజమే, అప్పుడు మిమ్మల్ని కాదు. ఆ తరవాత ఒక్క గంట కూడా మిమ్మల్ని తలచుకోకుండా లేను. నాకు మీరు కావాలి. ఉత్తరంలో కాదు, ఫోనులో కాదు, ఎదురుగా కావాలి.

కోపం వస్తుంది మీకు, రావలసిందే. అదంతా కాగితం మీద పెట్టి పంపకండి. సెలవు అడిగి రండి, నా ఎదురుగా కూర్చుని తిట్టండి. మారు మాట్లాడను. ఎన్నాళ్ళు తిట్టాలనిపిస్తే అన్నాళ్ళూ ఉండండి.

ఇట్లు,
మీ అన్నకుట్టి తల్లి, మీ భార్య
రోసిలీ