అరిచేతుల కట్టు

సోమందేపల్లి, 1998.

హిందూపురం డాక్టరమ్మగారికి నమస్కారం.

మా ప్రేమలత పొట్టమీది వాతలు కామెర్లకు వాళ్ల అవ్వ పెట్టించినవని చెబితే మీరు కోప్పడలేదు. "మరి అరిచేతుల్లో ఎందుకుండాయి? నిన్ను తప్పు పట్టేదానికి కాదప్పా, పాప బాగుండాలని అడుగుతాండా" అన్నారు. పొయ్యి తాకిందన్నాను. అప్పుడు మీరు నన్ను బయట కూర్చోమని, పాపతో ఒంటరిగా మాట్లాడారు. అదే నాకు నచ్చలేదు. అది మీకేం చెప్పిందో ఇంటికొచ్చాక నేనే కూర్చోబెట్టి తెలుసుకున్నాను.

బుధవారం కట్టు మార్చడానికి మేము రావడం లేదు. ఈ ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు పోతున్నాం. మా కోసం మనిషిని పంపొద్దు. పాప గురించి దిగులు పెట్టుకోవద్దు. ఇప్పుడు ఎవరడిగినా పొయ్యి తాకిందనే చెబుతోంది.

ఇట్లు,
పాప నాయన