చిక్కుడు గింజలకు బదులు

ఆషాఢం, మంగళవారం రాత్రి

పొద్దున నల్లకోడి ముక్కుకు తడి మట్టి అంటుకుని ఉంది. పక్కింటి సాయమ్మ పెద్దమ్మ నిన్న పెట్టిన చిక్కుడు గింజలన్నీ అది తవ్వి తినేసింది.

గోడ అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏందే, మీ కోడికి నా పెరడే దొరికిందా? మల్ల కనవడితే కూరనే."

"నువ్వెందుకు పరేషానయితవు? ఐతారం మేమే కోస్తం. గుడ్లు పెట్టుడు ఎప్పుడో బంద్ జేసింది," అంది అమ్మ.

ఆ కోడిని పిల్లప్పటి నుంచి సాకింది నేను. అమ్మకు ఎదురు చెప్పలేక, విత్తనానికి దాచుకున్న చిక్కుడు గింజలు గుప్పెడు తీసుకెళ్లి పెద్దమ్మ కొంగులో పోశాను. "సారీ పెద్దమ్మా," అన్నాను.

"సారీ మీ బడిల జెప్పుకో. విత్తనం ఊకె తీసుకుంటే తీగ పారది, బిడ్డా," అంటూ లోపలికి వెళ్లి ఒక గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత నా ముఖం చూడకుండా, "కోడిని కొయ్యొద్దని మీ అమ్మకు జెప్పు," అంది.

గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది. అమ్మ చూడకముందే జొన్నల కుండలో దాచాను.

దీని సంగతి చెబితే కోడి బతుకుతుంది. కానీ అమ్మకు నోరు ఆగదు, పెద్దమ్మను దొంగ అనేస్తుంది. ఆ తర్వాత గోడ మీదుగా ఏ గింజా అటూ ఇటూ రాదు. ఆదివారంలోపు ఏదో ఒకటి అనాలి. ఏమని...

పెద్దమ్మ ఇంట్లో ఉన్నది ఒక్క పుంజు.